1 శాతం పెన్-స్ట్రెప్ కూడా ఒక మందే: శాస్త్ర పత్రికల సంపాదకులకు, సమీక్షకులకు బహిరంగ లేఖ

సంపాదకులకు, సమీక్షకులకు నమస్కారం.

మనిషి కణాలతో చేసిన ప్రయోగాల వ్యాసాలు మీ బల్ల మీదికి రోజూ వస్తుంటాయి. వాటిలో పద్ధతుల విభాగం తీస్తే ఒక వాక్యం తప్పకుండా ఎదురవుతుంది: "కణాలను 10 శాతం సీరం, 1 శాతం పెన్-స్ట్రెప్ కలిపిన మీడియంలో పెంచాం." రాసినవారు దాన్ని పాత వ్యాసంలోంచి ఎత్తి పెడతారు, చదివేవారు దాటేస్తారు. కానీ ఆ వాక్యానికి అర్థం ఒకటే. మీడియం అనే పోషక ద్రవంలోని ఆ కణాలు నెలల తరబడి రెండు మందుల్లో, పెన్సిలిన్, స్ట్రెప్టోమైసిన్ అనే యాంటీబయాటిక్‌లలో నానుతున్నాయి. ఇదే పరిశోధకులు మరో మందును ఒక్క రోజు ఇచ్చి ఉంటే మోతాదు ఎంత, దేనిలో కరిగించారు, పోలికకు పెట్టిన కంట్రోల్ ఏది అని మీరు మూడు ప్రశ్నలు వేసేవారు. ఈ రెండు మందుల గురించి ఒక్కటీ వేయరు.

మా విన్నపం చిన్నదే. సెల్ కల్చర్ మీడియంలో ఉన్న ప్రతి యాంటీబయాటిక్‌నూ ప్రయోగంలో వాడిన మందుగా పరిగణించి, దాని వివరాలు రాయించండి. ఫలితం దాని మీద ఆధారపడే అవకాశం ఉన్న చోట, అది లేకుండా చేసిన ప్రయోగం కూడా చూపించమనండి.

ముందు ఆ 1 శాతాన్ని అంకెల్లోకి మార్చుదాం. మామూలుగా వాడే 100 రెట్ల గాఢ ద్రావణం (స్టాక్)లో మిల్లీలీటరుకు 10,000 యూనిట్ల పెన్సిలిన్, 10,000 మైక్రోగ్రాముల స్ట్రెప్టోమైసిన్ ఉంటాయి. వందో వంతుకు పలచన చేస్తే మీడియంలో మిల్లీలీటరుకు 100 యూనిట్లు, 100 మైక్రోగ్రాములు. పెన్సిలిన్ జి సోడియం లవణం ఒక యూనిట్ అంటే 0.6 మైక్రోగ్రాము, అంటే 100 యూనిట్లు 60 మైక్రోగ్రాములు. అణుభారాలతో లెక్క కడితే రెండు మందులూ చెరి 170 మైక్రోమోలార్ల దగ్గర తేలతాయి. ఒక ప్రొటీన్ పనిని ఆపే ఇన్‌హిబిటర్‌ను 10 మైక్రోమోలార్లు వాడితే "ఇంత మోతాదులో అది ఇంకెక్కడెక్కడ అతుక్కుంటుందో" అని రచయితలను నిలదీసే సమీక్షకుడు, దానికి పదిహేడు రెట్ల గాఢతలో ఉన్న రెండు మందులను చూడకుండా వదిలేస్తున్నాడు.

పోనీ ఆ 1 శాతమైనా కచ్చితమా అంటే, కాదు. మిల్లీలీటరుకు 5,000 యూనిట్ల స్టాక్ కూడా అమ్ముతారు, దానిలో 1 శాతం అంటే 50 యూనిట్లే. 500 మిల్లీలీటర్ల సీసాలో 50 మిల్లీలీటర్ల సీరం, 5 మిల్లీలీటర్ల పెన్-స్ట్రెప్ పోస్తే మొత్తం 555 అవుతుంది. అప్పుడు మీడియంలో ఉండేవి 90 యూనిట్లు, 100 కాదు. పైగా 37 డిగ్రీల్లో పెన్సిలిన్ నిలవదు, మూడు నాలుగు రోజుల్లో బాగా తగ్గిపోతుంది. సోమవారం మీడియం మార్చి శుక్రవారం దాకా ముట్టుకోని ఫ్లాస్కులో మోతాదు రోజూ దిగజారుతూ ఉంటుంది, మళ్ళీ మార్చగానే ఒక్కసారి ఎక్కుతుంది. కణాలను సోమవారం తీశారా, గురువారం తీశారా అన్నదాన్ని బట్టి అవి చూసిన మందు వేరు.

బాక్టీరియాను చంపే మందుతో మనిషి కణానికేం పని అని అడగొచ్చు. పెన్సిలిన్ పట్టుకునే కణకవచం మన కణాలకు లేదు, నిజమే. కానీ మందులకు ఒకే గురి ఉండదు. నాడీకణాల్లో ఉత్తేజాన్ని అణచే గాబా-ఏ గ్రాహకాలను పెన్సిలిన్ అడ్డుకుంటుంది. జంతువుల మెదడులో మూర్ఛ లాంటి విద్యుత్ తుఫానును కావాలని రేపడానికి పరిశోధకులు దశాబ్దాలుగా దాన్ని వాడుతూనే ఉన్నారు. ఆ ప్రయోగాల్లో మోతాదు చాలా ఎక్కువన్న మాట వాస్తవమే. అయినా నాడీకణాల ఉత్తేజాన్ని మిల్లీవోల్టుల్లో కొలిచే వ్యాసంలో మీడియంలోని 170 మైక్రోమోలార్ల పెన్సిలిన్ ప్రస్తావనే లేకపోవడం ఎలా చూసినా లోపమే.

స్ట్రెప్టోమైసిన్ సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. పొర సాగినప్పుడు తెరుచుకునే అయాన్ చానళ్ళను, అంటే అయాన్లు దాటే తలుపులను, మూయడానికి గుండె, కండర కణాల మీద పనిచేసేవారు స్ట్రెప్టోమైసిన్‌నే ఆయుధంగా వాడతారు. వారు వాడే మోతాదు పదుల నుంచి వందల మైక్రోమోలార్లు. అంటే మామూలు పెన్-స్ట్రెప్ మీడియం సరిగ్గా ఆ పరిధిలోనే ఉంది. కణాన్ని సాగదీసి, ఒత్తి, దాని ప్రతిస్పందనను కొలిచే ప్రయోగంలో కొలవాల్సిన తలుపును ముందే సగం మూసి, "ప్రతిస్పందన బలహీనంగా ఉంది" అని తేల్చడం జరగొచ్చు.

అసలు చిక్కు మాత్రం కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలో ఉంది. మైటోకాండ్రియా ఒకప్పటి బాక్టీరియా సంతతి, ప్రొటీన్లు తయారుచేసే దాని రైబోజోమ్‌లలో ఇప్పటికీ ఆ పోలిక మిగిలే ఉంది. కణద్రవ్యంలోని 80ఎస్ రైబోజోమ్‌ను వదిలేసే మందు మైటోకాండ్రియాలోని 55ఎస్ రైబోజోమ్‌ను పట్టుకోవచ్చు. టెట్రాసైక్లిన్‌లు, క్లోరాంఫెనికాల్, లినెజోలిడ్ చేసేది అదే. స్ట్రెప్టోమైసిన్ కుటుంబమైన అమినోగ్లైకోసైడ్‌ల విషయంలో మనుషుల్లోనే సాక్ష్యం ఉంది: మైటోకాండ్రియా 12ఎస్ ఆర్‌ఎన్‌ఏ జన్యువులో 1555వ స్థానంలో ఏ బదులు జీ ఉన్నవారికి ఈ మందులు మామూలు మోతాదులో ఇచ్చినా వినికిడి పోవచ్చు. ఆ ఒక్క అక్షరం మార్పుతో వారి రైబోజోమ్ బాక్టీరియా రైబోజోమ్‌కు ఇంకా దగ్గరవుతుంది. దాతల నుంచి తీసిన కణాలతో పనిచేసే ప్రయోగశాలలు ఈ మార్పు ఉందో లేదో చూడటం అరుదు.

మైటోకాండ్రియా తన డీఎన్‌ఏ నుంచి చేసుకునే ప్రొటీన్లు 13 మాత్రమే: శక్తిని తయారుచేసే శ్వాస శృంఖలంలో మొదటి కాంప్లెక్స్‌కు (ప్రొటీన్ల కూటమికి) ఏడు, మూడోదానికి ఒకటి, నాలుగోదానికి మూడు, అయిదోదానికి రెండు. రెండో కాంప్లెక్స్ మొత్తం కేంద్రకం పంపే ప్రొటీన్లతోనే తయారవుతుంది. అందువల్ల మైటోకాండ్రియా రైబోజోమ్ దెబ్బతింటే కొన్ని భాగాలు తగ్గుతాయి, కొన్ని తగ్గవు, రెండింటి పొత్తు కుదరదు. దీన్ని పట్టుకోవడానికి ఖరీదైన యంత్రం అక్కర్లేదు. ప్రొటీన్ల మోతాదు చూపే వెస్టర్న్ బ్లాట్ ఒకదాని మీద నాలుగో కాంప్లెక్స్‌లోని ఎమ్‌టీ-సీవో1ను, రెండో కాంప్లెక్స్‌లోని ఎస్‌డీహెచ్‌ఏను పక్కపక్కన చూస్తే చాలు. మొదటిది తగ్గి రెండోది కదలకపోతే మందు పని చేసిందన్నమాట.

ఇవి ఊహలు కావు. 2013లో సైన్స్ ట్రాన్స్‌లేషనల్ మెడిసిన్‌లో వచ్చిన అధ్యయనం సిప్రోఫ్లాక్ససిన్, ఆంపిసిలిన్, కానమైసిన్ వంటి బాక్టీరియాను చంపే మందులు మనిషి కణాల మైటోకాండ్రియా పనిని దెబ్బతీసి, ఆక్సీకరణ నష్టం కలిగిస్తాయని చూపింది. 2017లో సైంటిఫిక్ రిపోర్ట్స్‌లో వచ్చిన అధ్యయనం నేరుగా పెన్-స్ట్రెప్‌నే పరీక్షించింది. హెప్‌జీ2 కాలేయ కణాలను మామూలు పెన్-స్ట్రెప్ మీడియంలోనూ, అది లేని మీడియంలోనూ పెంచి పోల్చితే 209 జన్యువుల వ్యక్తీకరణ మారింది. వాటిలో ఏటీఎఫ్3 వంటి, ఇతర జన్యువులను నడిపించే ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లు ఉన్నాయి. క్రియాశీల నియంత్రణ ప్రాంతాలకు గుర్తు అయిన హెచ్3కే27 ఎసిటైలేషన్ 9,514 చోట్ల తేడా చూపింది. మారిన జన్యువుల్లో బయటి రసాయనాలను విరగ్గొట్టే మార్గాలు, మందులను పసిగట్టే పీఎక్స్ఆర్ గ్రాహకం మార్గం ప్రముఖంగా కనిపించాయి. కొత్త మందును కాలేయం ఎలా విరగ్గొడుతుందో తెలుసుకోవడానికి ఎక్కువగా వాడే కణాల్లో హెప్‌జీ2 ఒకటి. ఆ మార్గాన్ని ముందే కదిలించి, తర్వాత కొత్త మందు దాన్ని కదిలిస్తుందా అని అడుగుతున్నాం.

దీనికి రచయితల దగ్గర సిద్ధంగా ఉండే జవాబు ఒకటుంది: "కంట్రోల్ ఫ్లాస్కులోనూ పెన్-స్ట్రెప్ ఉంది కదా, రెండు వైపులా ఉన్నది కొట్టుకుపోతుంది." రెండు ప్రభావాలూ ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా కూడుకుంటే కొట్టుకుపోతుంది. ఒకదాన్నొకటి మారిస్తే కొట్టుకుపోదు. మీరు పరీక్షించే మందు కూడా మైటోకాండ్రియానే దెబ్బతీసేదైతే, ముందే కుంగి ఉన్న కణంలో దాని దెబ్బ ఎక్కువగా కనిపించవచ్చు. లేదా పడిపోవడానికి ఇంకేమీ మిగలక తక్కువగా కనిపించవచ్చు. ఆక్సీకరణ ఒత్తిడి మీద పనిచేసేవారికి నేపథ్యమే ఎత్తుగా ఉంటుంది. కంట్రోల్ కూడా అదే ఎత్తులో ఉంటే తేడా చిన్నదవుతుంది, చిన్న తేడా "ప్రాముఖ్యం లేదు" అన్న గీత కిందికి పోతుంది. దొరికిన తప్పుడు ఫలితాల కంటే ఇలా దొరక్కుండా పోయిన నిజమైన ఫలితాలే ఎక్కువని మా అనుమానం.

ఇంకో మాట. మీడియంలో గ్లూకోజ్ లీటరుకు 4.5 గ్రాములు, అంటే 25 మిల్లీమోలార్లు ఉంటే కణాలు మైటోకాండ్రియా మీద ఆధారపడకుండా గ్లూకోజ్‌ను నేరుగా విరగ్గొట్టే గ్లైకోలిసిస్‌తో హాయిగా బతికేస్తాయి. అందుకే "మా కణాలు బాగానే పెరుగుతున్నాయి, యాంటీబయాటిక్ ఏమీ చేయడం లేదు" అంటారు. గ్లూకోజ్ తీసేసి 10 మిల్లీమోలార్ల గెలాక్టోజ్ ఇచ్చి చూస్తే అప్పుడు శక్తికి మైటోకాండ్రియా తప్ప దిక్కుండదు. దాగిన దెబ్బ అక్కడ బయటపడుతుంది. కణాలు బతికి ఉన్నాయన్నది వాటికి ఏమీ కాలేదనడానికి రుజువు కాదు.

టెట్రాసైక్లిన్‌ల కుటుంబానికి చెందిన డాక్సీసైక్లిన్ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే అక్కడ యాంటీబయాటిక్ మీడియంలో ఎక్కడో మూల ఉండదు, ప్రయోగానికి స్విచ్ అదే. 1990ల నుంచి వాడుకలో ఉన్న టెట్-ఆఫ్, టెట్-ఆన్ వ్యవస్థల్లో జన్యువును వెలిగించడానికో ఆర్పడానికో డాక్సీసైక్లిన్ కలుపుతారు. మామూలు మోతాదు మిల్లీలీటరుకు 0.1 నుంచి 2 మైక్రోగ్రాములు. సాధారణంగా వాడే ఈ మోతాదుల్లోనే మనిషి సెల్ లైన్‌ల (ప్రయోగశాలలో తరతరాలుగా పెంచే కణాల) జీవక్రియ గ్లైకోలిసిస్ వైపు మొగ్గుతుందనీ, ఎదుగుదల నెమ్మదిస్తుందనీ 2013లో ప్లాస్ వన్‌లో వచ్చింది. టెట్రాసైక్లిన్‌లు మైటోకాండ్రియా పనిని వేర్వేరు జీవుల్లో దెబ్బతీస్తాయని 2015లో సెల్ రిపోర్ట్స్‌లో వచ్చింది. ఆ వ్యాసం శీర్షికలోనే జాగ్రత్త పడమన్న పిలుపు ఉంది. అయినా నేటికీ మీకు వచ్చే వ్యాసాల్లో "డాక్స్ లేదు, డాక్స్ ఉంది" అన్న రెండు గీతలే కనిపిస్తాయి. ఈ రెండింటి మధ్య మారింది జన్యువు ఒక్కటే కాదు, మందు కూడా మారింది. జన్యువు వల్ల కణాలు నెమ్మదించాయని రాసిన చోట నెమ్మదింపజేసింది డాక్సీసైక్లినే కావచ్చు.

అవసరమైన కంట్రోల్ కష్టమేమీ కాదు. చొప్పించిన జన్యువు (ట్రాన్స్‌జీన్) లేని, దాన్ని మోసే ఖాళీ వెక్టర్ మాత్రమే ఉన్న అదే సెల్ లైన్‌కు అదే లాట్ డాక్సీసైక్లిన్, అదే మోతాదు, అన్ని రోజులే ఇవ్వాలి. ఫలితాన్ని నాలుగు గీతలతో చూపాలి. దానికి ముందు మోతాదును మిల్లీలీటరుకు 10, 30, 100, 300, 1,000 నానోగ్రాములుగా పెంచుకుంటూ వెళ్ళి, జన్యువు సరిపడా వెలిగే అతి తక్కువ మోతాదు ఎంచుకోవాలి. చాలా లైన్‌లకు 1,000 అవసరమే ఉండదు, అలవాటు కొద్దీ పోస్తారు. డాక్సీసైక్లిన్ వెలుతురుకు పాడవుతుంది. 37 డిగ్రీల్లో ఒకటి రెండు రోజుల్లో దాని బలం సగానికి పడుతుంది. అందుకే 48 గంటలకోసారి కొత్తది కలుపుతారు. ఎన్ని గంటలకు కలిపారో రాయకపోతే మోతాదు రాసీ లాభం లేదు. సీరంలో కూడా టెట్రాసైక్లిన్ అవశేషాలు ఉండొచ్చు, పశువులకు ఆ మందులు ఇస్తారు కాబట్టి. "టెట్ లేని" సీరం వాడారా అన్నది అడగాల్సిన ప్రశ్న. కణాలు పొర దాటి చొరబడటాన్ని కొలిచే వ్యాసాల్లో ఇంకో మెలిక కూడా ఉంది. కణాల చుట్టూ ఉన్న అల్లికను కరిగించే మాట్రిక్స్ మెటలోప్రొటీనేజ్ ఎంజైమ్‌లను డాక్సీసైక్లిన్ అడ్డుకుంటుంది. చిగుళ్ళ వ్యాధికి బాక్టీరియాను చంపనంత చిన్న మోతాదులో దాన్ని వాడేది ఆ గుణం కోసమే.

జన్యువు చేరిన కణాలను మాత్రమే మిగిల్చే సెలెక్షన్ యాంటీబయాటిక్‌ల గురించి క్లుప్తంగా. ప్యూరోమైసిన్, జీ418, హైగ్రోమైసిన్, బ్లాస్టిసిడిన్ పనిచేసేదే మనిషి కణం రైబోజోమ్ మీద. నిరోధక జన్యువు ఉన్న కణం చావదు, కానీ మందు పూర్తిగా తాకలేదని కాదు. మోతాదును కిల్ కర్వ్‌తోనే, అంటే పెరిగే మోతాదులకు ఎన్ని కణాలు చస్తాయో చూసే పరీక్షతోనే తేల్చాలి. మాతృ లైన్‌ను 24 వెల్ ప్లేట్‌లో వేసి, ప్యూరోమైసిన్ అయితే మిల్లీలీటరుకు 0, 0.5, 1, 2, 5, 10 మైక్రోగ్రాములు, జీ418 అయితే 0 నుంచి 1,000 దాకా 200 చొప్పున ఇచ్చి చూడాలి. ప్యూరోమైసిన్‌లో రెండు నుంచి నాలుగు రోజులకు, జీ418లో ఏడు నుంచి పద్నాలుగు రోజులకు అన్ని కణాలనూ చంపే అతి చిన్న మోతాదే పని మోతాదు. జీ418 పొడిలో క్రియాశీల భాగం ప్రతి లాట్‌లోనూ వేరుగా ఉంటుంది. తూకం ప్రకారం రాశారా, క్రియాశీల భాగం ప్రకారం రాశారా అన్నది తేలకపోతే ఆ అంకెకు విలువ లేదు. హెచ్‌ఈకే 293టీ కణాలకు నియోమైసిన్ (జీ418) నిరోధం పుట్టుకతోనే ఉంది, వాటిని జీ418తో ఎంచుకున్నామని ఎవరైనా రాస్తే అక్కడే ఆపి అడగండి. సెలెక్షన్ ముగిశాక మందు తీసేసి కనీసం రెండు పాసేజ్‌లు (కణాలను కొత్త ఫ్లాస్కులోకి మార్చే విడతలు) నడిపి అప్పుడు కొలతలు తీయాలి.

ఇక్కడే మరో మాట. జీ418, జెంటామైసిన్ లాంటి అమినోగ్లైకోసైడ్‌లు తగిన మోతాదులో రైబోజోమ్‌ను తికమకపెట్టి ప్రొటీన్ తయారీని ముందే ఆపేసే అకాల స్టాప్ కోడాన్‌ను దాటించేస్తాయి. కొన్ని జన్యువ్యాధులకు చికిత్సగా ఈ గుణాన్ని పరీక్షించారు కూడా. మీ రచయితల నాకౌట్ లైన్ (ఒక జన్యువును పనిచేయకుండా చేసిన కణాలు) ఒక స్టాప్ కోడాన్ మీద నిలబడి ఉంటే, అదే మీడియంలో జీ418 కొనసాగుతుంటే, లేదనుకున్న ప్రొటీన్ కొద్దికొద్దిగా తయారవుతూ ఉండొచ్చు.

అమినోగ్లైకోసైడ్‌లు కణంలోకి ఎండోసైటోసిస్ ద్వారా (పొర మింగడం వల్ల) వెళ్ళి, విచ్ఛిన్నం చేసే సంచులైన లైసోజోమ్‌లలో పోగవుతాయి. అక్కడ ఫాస్ఫోలిపిడ్‌ల విచ్ఛిన్నాన్ని అడ్డుకుంటాయి. మూత్రపిండ కణాల్లో జెంటామైసిన్ విషప్రభావానికి దారి ఇదే. ప్రయోగశాలకు దీనివల్ల తేలే సంగతి ఒకటుంది. మీడియం మార్చినంత మాత్రాన లోపల పోగైనది పోదు, రోజుల తరబడి ఉంటుంది. "కొలతకు 24 గంటల ముందు యాంటీబయాటిక్ తీసేశాం" అన్న వాక్యం సమీక్షకుడిని సంతృప్తి పరచకూడదు. ఇక "యాంటీబయాటిక్-యాంటీమైకోటిక్" అని రాసిన చోట ఆంఫోటెరిసిన్ బీ కూడా ఉందని గుర్తుపెట్టుకోవాలి. వందో వంతు పలచనలో మిల్లీలీటరుకు 0.25 మైక్రోగ్రాము. అది బూజు పొరలోని ఎర్గోస్టెరాల్‌ను పట్టుకుంటుంది, మన పొరలోని కొలెస్టరాల్‌ను కూడా కొంత పట్టుకుంటుంది. దాన్ని కరిగించడానికి డీఆక్సీకొలేట్ అనే డిటర్జెంట్ కలుపుతారు. పొర గుణాల మీద వ్యాసం రాసేవారు ఈ రెండింటినీ చెప్పకపోతే ఎలా?

లిపిడ్‌లతో కణంలోకి డీఎన్‌ఏ పంపేటప్పుడు (ట్రాన్స్‌ఫెక్షన్) మీడియంలో యాంటీబయాటిక్ ఉండకూడదని రీఏజెంట్ తయారీదారులే సూచనల్లో రాస్తారు. డీఎన్‌ఏ లోపలికి పోయేలా పొరను వదులు చేసే మిశ్రమంతోపాటు మందు కూడా మామూలు కంటే ఎక్కువగా పోతుంది, కణాలు చస్తాయి. ఆ చావును తర్వాత ప్లాస్మిడ్ మీదికి నెడతారు.

కణాలు విడుదల చేసే ద్రవానికో, ఎక్సోజోమ్‌లనే సూక్ష్మ సంచులకో బాక్టీరియాను చంపే శక్తి ఉందని చెప్పే వ్యాసాల దగ్గర మరీ జాగ్రత్త కావాలి. కణాలు పెరిగిన మీడియంలో మిగిలిపోయిన పెన్సిలినే ఆ పని చేస్తూ ఉండొచ్చు. యాంటీబయాటిక్ లేని మీడియంలోకి మార్చాక సేకరించినా, ప్లాస్టిక్‌కు అంటుకున్నది మెల్లగా ఊడి వస్తుంది. తేల్చుకోవడానికి మూడు మార్గాలున్నాయి: కణాలు లేని ఖాళీ ఫ్లాస్కును అదే మీడియంతో అన్ని రోజులూ ఉంచి అదే పద్ధతిలో సేకరించిన ద్రవం, పెన్సిలిన్‌ను విరగ్గొట్టే బీటా-లాక్టమేజ్ కలిపి చేసిన పరీక్ష, పెన్సిలిన్‌కు లొంగని స్టెఫైలోకాకస్ మీద పరీక్ష. లొంగే జాతి మాత్రమే చచ్చి, లొంగని జాతి హాయిగా పెరిగితే దొరికింది కొత్త మందు కాదు, 1 శాతం పెన్-స్ట్రెప్.

ఇంత జరుగుతున్నా పెన్-స్ట్రెప్ ఎందుకు పోదు? భయం వల్ల. "అది లేకపోతే కంటామినేషన్ వస్తుంది" అంటారు. నిజానికి అది కంటామినేషన్‌ను ఆపడం కంటే కనపడకుండా చేయడమే ఎక్కువ. నీటిలో బతికే సూడోమోనాస్ లాంటివి మందును తట్టుకుని, మసక రానంత తక్కువగా ఫ్లాస్కులో సాగుతుంటాయి. చచ్చిన గ్రామ్ నెగెటివ్ బాక్టీరియా వదిలిన ఎండోటాక్సిన్ అనే విషాన్ని ఏ యాంటీబయాటిక్ తీసేయలేదు. రోగనిరోధక కణాలైన మాక్రోఫేజ్‌లు టీఎల్ఆర్4 గ్రాహకం ద్వారా దాన్ని పట్టి సైటోకైన్ సంకేతాలు గుమ్మరిస్తాయి. అన్నిటికంటే ప్రమాదకరం మైకోప్లాస్మా అనే అతి చిన్న బాక్టీరియా. దానికి కణకవచమే లేదు, పెన్సిలిన్ దాని ముందు వట్టి నీళ్ళు. ఫ్లాస్కును మసకబార్చదు, మీడియం రంగు త్వరగా మార్చదు, 0.2 మైక్రాన్ల ఫిల్టర్‌ను కూడా ఒక్కోసారి దాటుతుంది. 2015లో న్యూక్లియిక్ యాసిడ్స్ రీసెర్చ్‌లో వచ్చిన పరిశీలన ప్రకారం అందరికీ తెరిచి ఉన్న డేటా భాండాగారంలోని ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగ్ ప్రాజెక్టుల్లో 11 శాతంలో మైకోప్లాస్మా జాడలున్నాయి. మామూలు బాక్టీరియా వస్తే ఫ్లాస్క్ రెండు రోజుల్లో పాడై, మన చేతి శుభ్రత లోపాన్ని చెప్పేస్తుంది. పెన్-స్ట్రెప్ ఆ హెచ్చరికను నొక్కేస్తుంది, అదే చేతి లోపంతో మైకోప్లాస్మా మాత్రం లోపలికి వస్తుంది.

మీరు నిబంధన పెడితే "మా దగ్గర కుదరదు" అని రచయితలు రాస్తారు. కుదిరే దారి ఇది. పనిలో ఉన్న ఫ్లాస్కును ముట్టుకోకూడదు. తక్కువ పాసేజ్ వయల్ ఒకటి కరిగించి, మొదటి పాసేజ్‌లో రెండుగా విడగొట్టాలి. ఒకటి పాత మీడియంలో, ఒకటి యాంటీబయాటిక్ లేని మీడియంలో. రెండోదాన్ని ట్రిప్సిన్ తర్వాత 200 జి వద్ద అయిదు నిమిషాలు సెంట్రిఫ్యూజ్ చేసి, పీబీఎస్‌తో కడిగి వేయాలి. వీలైతే వేరే ఇంక్యుబేటర్‌లో పెట్టాలి. దాగి ఉన్న బాక్టీరియా ఉంటే సాధారణంగా తొలి రెండు మూడు రోజుల్లో లేస్తుంది: మీడియం పసుపు తిరుగుతుంది, మసకబారుతుంది, ఫేజ్ కాంట్రాస్ట్‌లో 400 రెట్ల వద్ద కణాల మధ్య ఖాళీల్లో చుక్కలు కదులుతాయి. లేస్తే ఆ ఫ్లాస్కును కాపాడే ప్రయత్నం చేయకూడదు. బ్లీచ్ పదో వంతు అయ్యేలా కలిపి అరగంట ఉంచి పారబోయాలి, మరో వయల్ తీయాలి.

లేవకపోతే రెండు వారాలు లేదా నాలుగు పాసేజ్‌లు, ఏది ఎక్కువైతే అది నడపాలి. మధ్యలో ఒక మిల్లీలీటరు సూపర్‌నాటెంట్‌ను థయోగ్లైకొలేట్ ద్రవంలో 30 నుంచి 35 డిగ్రీల్లో, మరొక మిల్లీలీటరును సోయాబీన్-కేసిన్ ద్రవంలో 20 నుంచి 25 డిగ్రీల్లో 14 రోజులు ఉంచి చూడాలి. మైకోప్లాస్మా పీసీఆర్ పరీక్షకు నమూనాను నిండుగా పెరిగిన, రెండు మూడు రోజులుగా మీడియం మార్చని ఫ్లాస్కు నుంచి తీయాలి, నిన్న మార్చిన మీడియంలో ఉన్నా దొరకదు. యాంటీబయాటిక్ తీసేసి కనీసం వారం అయ్యాకే ఈ పరీక్ష చేయాలి. ఆ తర్వాత పది, ఇరవై వయల్‌లు గడ్డకట్టించి, లేబుల్ మీద "యాంటీబయాటిక్ లేదు" అని రాసి, అన్ని ప్రయోగాలూ ఆ బ్యాంకు నుంచే మొదలుపెట్టాలి. పాత ఫ్లాస్కునూ కొత్త ఫ్లాస్కునూ వారం రోజులు పక్కపక్కన లెక్కపెట్టి ఎదుగుదల గీత గీస్తే, ఆ లైన్ మీద పెన్-స్ట్రెప్ ఎంత పనిచేస్తోందో రచయితలకే తెలుస్తుంది. కొన్ని లైన్‌లలో తేడా ఏమీ కనిపించదు. అది కూడా ప్రచురించదగ్గ సమాచారమే.

కంటామినేషన్ నిజంగా వచ్చే దారులు అందరికీ తెలిసినవే: ముగ్గురు ఇరవైసార్లు తెరిచిన 500 మిల్లీలీటర్ల సీసా, నెల నుంచి నీళ్ళు మార్చని వాటర్ బాత్, తడిసిన పిపెట్ గన్ ఫిల్టర్, ఫ్లాస్క్ మూతికి అంటిన మీడియం. మీడియంను 50 మిల్లీలీటర్ల ట్యూబులుగా పంచి, ఒక్కో సెల్ లైన్‌కు ఒక్కో ట్యూబు కేటాయిస్తే సగం సమస్య అక్కడే తీరిపోతుంది.

యాంటీబయాటిక్ వాడకూడదని మేము అనడం లేదు. చర్మం, పేగు, కణితి ముక్కల నుంచి కణాలు తీసేటప్పుడు బాక్టీరియా వాటితోపాటే వస్తుంది, మొదటి రోజుల్లో మందు తప్పదు. తిరిగి దొరకని రోగి నమూనాను పణంగా పెట్టమని ఎవరూ అనరు. అక్కడ కావలసింది ఏ మందు, ఎంత, ఏ పాసేజ్ దాకా అన్న వాక్యం మాత్రమే.

మీ రిపోర్టింగ్ ఫారాల్లో సెల్ లైన్ ఎక్కడి నుంచి వచ్చింది, గుర్తింపు పరీక్ష అయిందా, మైకోప్లాస్మా పరీక్ష అయిందా అని చాలామంది ఇప్పటికే అడుగుతున్నారు. వాటి కిందే మరో గడి పెట్టండి. అందులో ప్రతి యాంటీబయాటిక్ పేరు, శాతంలో కాకుండా తుది గాఢత, స్టాక్ బలం, రోజువారీ పెంపకంలో మాత్రమే ఉందా ప్రయోగంలోనూ ఉందా, తీసేసి ఉంటే కొలతకు ఎన్ని రోజుల, ఎన్ని పాసేజ్‌ల ముందు, మైకోప్లాస్మా పరీక్ష మందు లేని స్థితిలో జరిగిందా అన్నవి రాయించండి. మైటోకాండ్రియా, జీవక్రియ, అయాన్ చానళ్ళు, కణాల సాగుదల, మూలకణాల విభేదనం, ఎపిజెనెటిక్స్, బాక్టీరియాను చంపే ప్రభావం, వీటి మీద వచ్చే వ్యాసాల్లో ప్రధాన ఫలితాన్ని మందు లేకుండా మూడు స్వతంత్ర ప్రయోగాల్లో మళ్ళీ చూపమనండి. మిగతా వ్యాసాలకు వివరాలు చాలు. సీక్వెన్సింగ్ డేటాను భాండాగారంలో పెట్టేటప్పుడు కణాల పెంపకం గడిలో కూడా ఇవే వివరాలు ఉండాలని షరతు పెట్టండి. పదేళ్ళ తర్వాత వేల నమూనాలను కలిపి విశ్లేషించేవారికి ఏది మందుతో పెరిగిందో, ఏది మందు లేకుండా పెరిగిందో వేరు చేయడానికి ఇంకో దారి ఉండదు.

పాత వాక్యం బదులు రచయితలు ఇలా రాయగలరు: "కణాలను పెన్సిలిన్ (మిల్లీలీటరుకు 100 యూనిట్లు), స్ట్రెప్టోమైసిన్ (మిల్లీలీటరుకు 100 మైక్రోగ్రాములు) ఉన్న మీడియంలో 4వ పాసేజ్ దాకా పెంచాం. 5వ పాసేజ్ నుంచి యాంటీబయాటిక్ వాడలేదు. 9వ పాసేజ్‌లో, యాంటీబయాటిక్ తీసేసిన 16వ రోజున పీసీఆర్‌తో మైకోప్లాస్మా లేదని నిర్ధారించి, ఆ కణాలతో బ్యాంకు చేశాం. ఈ వ్యాసంలోని కొలతలన్నీ ఆ బ్యాంకు నుంచి తీసిన, 10 నుంచి 15 పాసేజ్‌ల మధ్య ఉన్న కణాలవి."

ఇట్లు,
సెల్ కల్చర్ గదుల్లో పనిచేసే పరిశోధకులు, టెక్నీషియన్లు